కాకి ముట్టని ముద్ద

మా ఇంట్లో మరణానికి రెండు లెక్కలు ఉన్నాయి. ఒకటి ఆసుపత్రి కాగితం మీద ముద్రపడిన తేదీ, రెండోది పంచాంగం చెప్పే తిథి. నా భార్య సరోజ పోయి తేదీ ప్రకారం సంవత్సరం నిండలేదు; తిథి ప్రకారం నిండింది. కోయంబత్తూరులో ఒక స్పిన్నింగు మిల్లు పరీక్షగదిలో నూలు పోగులను తూచి, లాగి, అవి ఎంత బరువుకు తెగుతాయో రాసిపెట్టే పని చేసి విరమించినవాణ్ని నేను. తేదీ వేయని కాగితాన్ని నా బల్ల దాటి పోనిచ్చేవాణ్ని కాను. మదురైలో ఉండే మా చెల్లెలు రామలక్ష్మి తిథి మనిషి. డెబ్బై దాటినా ఇంట్లో అందరికీ ఆమె పాపే. నేను తేదీ సంగతి ఎత్తగానే ఫోనులో, "కాలెండరు చూసి ఎవురూ తద్దినం పెట్టరు అన్నా. వదినకు తిథి తెలుసును, తేదీ తెలవదు," అని చెప్పి పెట్టేసింది.

ఆ తిథినాడు మా అమ్మాయి మాలతి రామనాథపురం తీరంలో ఉండవలసి వచ్చింది. మాలతి పక్షుల ఫోటోలు తీస్తుంది. వలస వచ్చిన పక్షులు తిరిగి వెళ్లిపోయే ముందు అక్కడ జరిగే పక్షుల పండుగను నడిపేవాళ్లలో తానూ ఒకతె. వదిలి రాలేనంది. పాపే దారి చూపించింది: పొద్దున్నే రామేశ్వరం సముద్రం దగ్గర తద్దినం పెట్టి, అక్కడి నుంచి మాలతి ఉండే చోటికి వెళ్లి, కూతురి ఎదుట కాకికి ముద్ద పెట్టి, ఆ తరువాత అందరం భోంచేయడం. నేను అడ్డు చెప్పలేదు. ఆ ఏడాది నేను దేనికీ అడ్డు చెప్పలేదు, దేనినీ కోరనూ లేదు. చెప్పిన చోటికి వెళ్లేవాణ్ని. ముందురోజు మదురైకి ఎక్కిన బస్సు ఒట్టన్‌చత్రం దగ్గర కూరగాయల లారీల మధ్య చాలాసేపు ఇరుక్కుపోయింది. పక్కన కూర్చున్నవాళ్లు విసుక్కుంటుంటే, నాకు విసుగు కూడా రావడం లేదని గమనించాను.

రామేశ్వరంలో తద్దినం ముగించుకుని నేనూ పాపా మాలతి దగ్గరికి వచ్చాం. పండుగ జరిగే చోటు సముద్రానికీ ఉప్పునీటి కయ్యకూ నడుమ చాచిన ఒక ఇసుక నాలుక. పందిరి కింద కుర్చీలు, మూడుకాళ్ల మీద నిలబెట్టిన దుర్భిణీలు, వాటి వెనక వరుసకట్టిన బడిపిల్లలు. చాలా దూరాన నీళ్ల మీద ఫ్లెమింగోలు గులాబి రంగు గీతలాగా ఉన్నాయి. సరుగుడు చెట్లకు తాళ్లు కట్టి ఫోటోలు వేలాడదీశారు. ప్రతి ఫోటో కింద తీసిన తేదీ, వేళ, క్యామెరా తాలూకు అంకెలు రాసి ఉన్నాయి. బొమ్మలకన్న ఆ అంకెలనే నేను ఎక్కువసేపు చదివాను. పాప మాత్రం ఒక బొమ్మ ముందు ఆగిపోయింది. గులాబి వొళ్లు, నల్లటి తల, నల్లటి రెక్కలు ఉన్న పిట్ట. చిన్నప్పుడు మా సజ్జచేల మీద మబ్బులాగా వాలి కంకులను ఊడ్చుకుపోయిన పిట్ట అది. తమిళంలో దాని పేరులోనే దోపిడీ ఉంది. పాప దాని ముఖంలో ముఖం పెట్టి చూసి, "ఈ దొంగముండను ఫ్రేము కట్టి మాట్టిండారే అన్నా. మనం రాళ్లేసి తరిమితిమే," అంది. పక్కనున్న మాలతి నవ్వి, అవి మధ్య ఆసియా నుంచి వస్తాయని, వాటి గుంపులను చూడడానికి జనం పెద్ద పెద్ద ఊళ్ల నుంచి బస్సులు కట్టుకుని వస్తారని చెప్పింది. బొమ్మలన్నీ చూశాక, కాకి ఏదని నేను అడిగాను. "కాకిని ఎవురు తీస్తారు నైనా?" అంది మాలతి.

నిజమే. కాని నేను పుట్టిన ఇంట్లో పక్షి అంటే ముందు కాకి. మా ఊరు కోవిల్పట్టికి తూర్పున, చెట్టు నీడ తక్కువగా ఉండే నల్లరేగడిలో ఉంది. మా వాళ్లు ఆ నేలకు ఎప్పుడు వచ్చారో చెప్పే ఆధారం ఏదీ నా దగ్గర లేదు కనుక శతాబ్దాల మాట ఎత్తను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మాత్రం తాత నేర్పాడు. అరుగు మీద చేట బోర్లించి, దాని మీద వేలితో రాసి చూపించేవాడు. మట్టిగోడలు, పెంకులు పరిచిన ఓటి కప్పు, ముందు అరుగు, వెనక పశువుల కొట్టం. ఇల్లు నిద్రలేచేది రోటి చప్పుడుకు. ముందునాటి సాయంత్రం నానవేసిన పత్తిగింజలను అవ్వ తెల్లవారకముందే పశువుల కోసం రుబ్బేది. ఆ పాలు కారే పిండి వాసన, పక్కనే కుండలో తాటిబెల్లం వేసి కాచే కరుపట్టి కాపీ వాసన, తాత తలకు రాసుకున్న ఆముదం వాసన కలిసి ఒకటే వాసనగా ఉండేవి. వాటిని విడదీసి ఏది ఎంత అని చెప్పమంటే నాకు చేతకాదు. ఇప్పుడు కరుపట్టి కాపీని మదురై హోటళ్లలో గాజు గ్లాసులో ఇస్తున్నారు. రుచి అదే. వాసనలో ఏదో తక్కువవుతుంది.

పొయ్యి మీది నుంచి సంగటి కుండ దిగగానే అవ్వ చెవులకు వేలాడే తండట్లు ఊగుతుండగా మొదటి ముద్ద తీసుకుని పెరట్లోకి నడిచేది. కొట్టం గోడ మీద ఒక పలకరాయి ఉండేది. మామూలు రోజుల్లో సజ్జ సంగటి, అమావాస్యకు వరి అన్నం మీద నేతి చుక్క. ముద్ద రాయి మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి, గొంతెత్తి "కా, కా" అని పిలిచేది. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ నోట్లో మెతుకు పెట్టకూడదు. అలసిపోయి వచ్చిన కూలివాడైనా, జ్వరం తగ్గిన పిల్లవాడైనా అంతే. వచ్చే కాకులు ఒక్కొక్కటీ ఎవరో అవ్వకు తెలుసు. గొంతు బొంగురుపోయిన కాకి మా ముత్తాతట. ఆయన బతికి ఉన్నప్పుడూ పిలవకముందే భోజనానికి వచ్చి కూర్చునేవాడట. ఒకనాడు పాప, "ఆ ముత్తాతే కదవ్వా నిన్న మన కోడిపిల్లను ఎత్తుకపోయె?" అని అడిగింది. అవ్వ చెయ్యి ఆపకుండా, "ఆయనకు ఆకలి పుట్టిండాది. నువ్వు నోరు మూసుకోని కూడు తిను," అంది. తాత అరుగు మీద నుంచి, తన తండ్రికి కోడిపిల్ల అంటే ఎప్పుడూ ఇష్టమేనని, ఆ కాకిని అనుమానించవలసిన పని లేదని సాక్ష్యం చెప్పాడు.

అదే అవ్వ పొద్దెక్కాక చేలోకి వచ్చిందంటే పిట్టలను తిట్టే తిట్లు ఊరిదాకా వినిపించేవి. సజ్జ పాలు పోసుకున్నప్పటి నుంచి కోతదాకా మాకు బడి లేదు. నన్నూ పాపనూ మంచె ఎక్కించేవారు. తాత కత్తాళనారతో వడిసెల పేనేవాడు. నల్లమట్టిని ఉండలు చేసి, ఎండబెట్టి, బుట్టలో పోసి మంచె మీదికి అందించేవాడు. నా గురి బాగుండేది. పాపకు గురి లేదు, గొంతు ఉంది. అది రేకుడబ్బా కొడుతూ అరిస్తే పక్కచేను చిలకలు కూడా లేచిపోయేవి. ఆ చేను వాళ్లు మా తాతకు దండం పెట్టేవారు. పొద్దున్నే పిలిచి పెట్టడం, పొద్దెక్కాక రాయేసి కొట్టడం. పితరులకు రాయి తగలకుండా చూసుకోమని మాత్రం అవ్వ చెప్పి పంపేది. కాకి వాలితే నేను వడిసెల దించేవాణ్ని. అందుకే ఆ సమయంలో కాకులే మా చేలో అందరికన్న నిబ్బరంగా తినేవి.

తాత మనుషులతో కన్న ఎద్దుతో ఎక్కువ మాట్లాడేవాడు. చేలో అడుగు పెట్టగానే ఒక మట్టిపెళ్ల తీసుకుని, చిదిమి, వాసన చూసి, ఆ వాసన ఎద్దు ముక్కు దగ్గర కూడా పెట్టేవాడు. దాని అభిప్రాయం కూడా తెలుసుకున్నట్టు కాసేపు ఆగేవాడు. ఎద్దు ముసలిదైంది. జత ఎద్దు చచ్చిపోయాక అది కాడికి పనికిరాకుండా పోయింది. సంతకు తోలుకుపోదామని మా పెదనాన్న అనడం, తాత వినిపించుకోనట్టు లేచి వెళ్లిపోవడం చాలాసార్లు చూశాను. ఆ మాట తేలకముందే తాత చేలోనే కూలబడి పోయాడు. ఏ నెలో తెలుసు, ఏ సంవత్సరమో ఊహించి చెప్పగలను; ఊహించి చెప్పినది లెక్క కాదు కనుక చెప్పను. సజ్జ కోత అయిపోయింది. మోళ్లు అరికాళ్లకు గుచ్చుకుంటూ ఉండగా ఆయనను మోసుకువచ్చారు.

కర్మనాడు పెరట్లో ఆకు పరిచి, ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించి, అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. రోజూ వచ్చే కాకులన్నీ కప్పు మీదే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. బొంగురు గొంతు కాకి మెడ తిప్పుకుంది. పోయినవారికి తీరని కోరిక ఉంటే కాకి ముద్ద ముట్టదని మావాళ్ల నమ్మకం. అది ఏమిటో కనిపెట్టి, తీరుస్తామని ఎవరైనా పైకి చెబితే దిగివస్తుంది. పెదనాన్న ముందుకు వచ్చి మూడో తమ్ముడి పెళ్లి తానే చేస్తానన్నాడు. కాకి కదలలేదు. మా నాన్న కొత్త బావి తవ్విస్తానన్నాడు. బోడినాయకనూరు నుంచి ఏలక్కాయల మూట తీసుకుని వచ్చిన మా అమ్మ అన్న, ఆ ఇంటి బాధ్యతలతో తనకు ఏ సంబంధమూ లేకపోయినా, పిల్లలను చదివిస్తానని మాట ఇచ్చాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. పిల్లలం ఆకలితో ఒకరి మీద ఒకరం ఒరిగిపోతున్నాం. అప్పుడు అవ్వ, తెల్లచీర కొంగు నెత్తిన వేసుకుని, కప్పు వైపు చూడకుండా కొట్టం వైపు చూస్తూ చెప్పింది. "ఎద్దును అమ్మము సామీ. కాడికీ కట్టము. అది పొయ్యేదాకా మా కూటిలో దానికీ పాలుండాది. దిగి రాండి." బొంగురు గొంతు కాకి కాదు, ఇంకేదో కాకి దిగి అన్నంలో ముక్కు పెట్టింది. ఎందుకు దిగిందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ఆ తరువాత వానలు తప్పిపోయాయి. పత్తి మొక్క మోకాలి ఎత్తు రాకుండానే ఎండిపోయింది. కొట్టంలో పాలిచ్చే ఆవు అమ్ముడుపోయింది, అవ్వ మెడలోని గొలుసు పోయింది, బరువైన ఆ తండట్లు కూడా పోయి చెవి తమ్మెలు ఖాళీగా వేలాడాయి. ఎద్దు మాత్రం ఉంది. మేం గంజి తాగిన రోజున అది కూడా గంజే తాగింది; అవ్వ తన వంతు తగ్గించుకుని దానికి పోసేది. పెదనాన్న ఒకసారి సంత మాట ఎత్తబోతే, ఆమె అతణ్ని ఏమీ అనలేదు. కాకికి చెప్పిన మాటను వెనక్కి తీసుకోవాలంటే మళ్లీ కాకికే చెప్పుకొమ్మంది. ఆయన చెప్పుకోలేదు. ఎద్దు తన కొట్టంలోనే, దాని చావు అది చచ్చింది. సంస్థల మధ్య రాసుకున్న ఒప్పందాలు, ముద్రలు వేసిన హామీలు నా ఉద్యోగంలో చాలా చూశాను. వాటిని ఎద్దు పక్కన పెట్టి తూచే అలవాటు నాకు అక్కడి నుంచే వచ్చింది. తూకం ఎప్పుడూ ఒకవైపే మొగ్గేది.

సరోజ అవినాశి ఊరి వైపు ఆడపిల్ల. ఆమె ఇంటి ఆచారమూ మా ఇంటి ఆచారమూ ఈ ఒక్క విషయంలో ఒకటే. కోయంబత్తూరులో మా ఇంటి ప్రహరీగోడ మీద కాపురానికి వచ్చిన నాటి నుంచి రోజూ ముద్ద పెట్టింది. నేను ముందుగదిలో పేపరు చదువుతూ ఉంటే పెరట్లో ఆమె పిలుపు, ఆ తరువాత రెక్కల చప్పుడు వినిపించేవి. లేచి వెళ్లి చూసిన గుర్తు లేదు. అది చూడవలసిన పనిగా కాక, నడుస్తున్న గడియారంలాగా ఉండేది. ఆమె పోయాక పొయ్యి వెలగలేదు. వీధి చివర మెస్సు నుంచి రెండు పూటలా కారియరు వస్తుంది. దానిలో పైగిన్నెలో కూర, అడుగుగిన్నెలో అన్నం. సగం తిని, సగం కడిగేస్తాను. గోడ మీద కొన్నాళ్లు కాకులు వచ్చి కూర్చున్నాయి. తరువాత రావడం మానేశాయి. అది దుఃఖమని ఎవరైనా అంటే కాదనను, కాని నాకు అలా తెలియలేదు. చలికాలంలో చేతివేళ్లు మొద్దుబారితే నూలు పోగు వేళ్ల మధ్య ఉందో లేదో తెలియదు. కంటితో చూసి ఉందనుకోవాలి. నా పరిస్థితి ఆ మాదిరిగా ఉండేది.

సరోజ కర్మనాడు కాకి రాలేదు. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు మీద వరుసగా కూర్చుని చూశాయి, దిగలేదు. సరోజ తమ్ముడు కులదేవత గుడికి సున్నం వేయిస్తానన్నాడు. మాలతి తన పెళ్లి సంగతి ఆలోచిస్తానంది. ఆ మాటకు కాకి రాకపోయినా చుట్టాలు సంతోషించారు. పాప, అన్నను కనిపెట్టుకుంటానని ఏడుస్తూ చెప్పింది. ఆ తరువాత అందరూ నా వైపు చూశారు. నేను మాట్లాడలేదు. చేయగలనో లేదో లెక్క వేసుకోకుండా మాట ఇవ్వడం నాకు అలవాటు లేదు. ఆ రోజు లెక్క వేసే ఓపిక కూడా లేదు. చివరికి ఎవరో పెద్దాయన ముద్దను ఆవుకు పెట్టించాడు. పాప దాన్ని మరిచిపోలేదు. వదిన ఆకలితో పోయిందనే మాట ఏడాది పొడవునా ఏదో ఒక నెపంతో ఫోనులో నాకు చెబుతూనే ఉంది. ఈ తిథినాడు కూడా కాకి ముట్టకపోతే ఇక ముట్టదని దాని భయం.

ఆ భయంతోనే, మదురైలో అర్ధరాత్రి లేచి తాను వండి తెచ్చిన క్యారేజీ పట్టుకుని పాప ఆ ఇసుక నాలుక మీద చోటు వెతికింది. మాలతి దూరంగా పిల్లలకు దుర్భిణీలో ఏదో చూపిస్తోంది. జనం తొక్కిన చోట ముద్ద పెట్టడం పాపకు ఇష్టం లేదు. ఒక పక్కన చిన్న కర్రలు పాతి తాడు కట్టిన జాగా ఉంది. లోపల అడుగుజాడ లేని ఇసుక. అదే శుభ్రమైన చోటు అనుకుని తాడు కింద నుంచి వంగి వెళ్లి, అరటాకు పరిచి, అన్నం, నెయ్యి, ఉద్దివడ పెట్టి, ఇవతలికి వచ్చి, మంచె మీద అరిచిన ఆ గొంతుతోనే "కా, కా" అని పిలిచింది. పందిరి కింద తలలన్నీ తిరిగాయి. పండుగ వాళ్ల టోపీ పెట్టుకున్న ఒక ఆమె చేతులు ఊపుతూ పరుగెత్తుకొచ్చి, అక్కడ అన్నం పెట్టకూడదని తమిళంలో చెప్పింది. పాప కూడా తమిళంలో, "ఒరు పిడి సోరుదానేమ్మా," అంది. పిడికెడు అన్నమే కదా అని.

కాకి వచ్చింది. సరుగుడు చెట్ల మీది నుంచి నేరుగా వచ్చి ఆకుకు కొంచెం అవతల ఇసుకలో వాలింది. పాప చేతులు జోడించింది. అప్పుడే ఆ ఇసుకలో నుంచి, అంతవరకు మాకు ఎవరికీ కనపడని ఒక చిన్న పిట్ట, ఇసుక రంగుదే, లేచి ఒక రెక్కను నేల మీద ఈడ్చుకుంటూ పక్కకు పరుగెత్తింది. "పావం, రెక్క విరిగె," అంది పాప. కాకి దాని వైపు చూడలేదు, ఆకు వైపూ చూడలేదు. ఇసుకలో ఒకచోట పొడిచి, మచ్చలు మచ్చలుగా గులకరాయిలా ఉన్న దాన్ని ముక్కున కరుచుకుని లేచిపోయింది. అది గుడ్డని మాకు తెలియడానికి కొంత సమయం పట్టింది. ఆ పిట్ట ఇసుకలోనే గుడ్లు పెడుతుందని, రెక్క విరిగినట్టు నటించి శత్రువును తన వెనక రప్పించుకోవాలని చూస్తుందని, ఆ తాడు అందుకే కట్టారని టోపీ ఆమె చెప్పింది. పాప ముఖం చూసి, చెప్పడం మధ్యలోనే ఆపేసింది.

మాలతి వచ్చింది. గూటిలో ఇంకా రెండు గుడ్లు ఉన్నాయని చూసుకుని, తల్లిపిట్ట తిరిగి రావాలంటే అందరూ వెనక్కి జరగాలని చెప్పి, వంగి, ఆకును అన్నంతో సహా మడిచి చేతిలోకి తీసుకుంది.

"నాకు తెలవదే మాలతీ," అంది పాప.

"తెలవదని తెలుసు అత్తా."

"రాక రాక వచ్చె. గుడ్డు తినె. అన్నం చూడనే లేదు." పాప ఇసుకలో కూర్చుండిపోయింది. "నా చేతి అన్నం మీ అమ్మకు వద్దేమో. నేను ఇంకొకరి పిల్లను కాకికి పెడితిని."

మాలతి ఆ ఆకు మడతను పాప క్యారేజీ మూత మీద పెట్టింది. ఆ గూటిని కాపాడడానికి తాను ఎంతకాలంగా అక్కడ తిరుగుతోందో నాకు తెలియదు, అడగలేదు. తరువాత అత్త చెయ్యి పట్టుకుని లేపింది. "పోదాము రా. కాకులుండే చోటికి నేను తీసుకపోతాను," అంది.

జీపులో చేపల రేవుకు వెళ్లాం. పొద్దుటి పడవలన్నీ వచ్చేశాయి, వేలం ముగిసింది. పడవల అంచుల మీద, వలల గుట్టల మీద లెక్కపెట్టడానికి వీలులేనన్ని కాకులు, అన్నీ కడుపునిండా చేప తిని కూర్చున్నాయి. సిమెంటు గట్టు మీద పాప మళ్లీ ఆకు పరిచింది. పిలిచింది. ఒక కాకి మెడ గీరుకుంది. మళ్లీ పిలిచింది. ఎండ మాడుస్తోంది, మాలతి అత్త మీద గొడుగు పట్టింది. పాపకు చక్కెర జబ్బు. తెల్లవారినప్పటి నుంచి ఏమీ తినలేదు. ఒక వడ అయినా తినమని చెప్పాను. వినలేదు. వదిన తినకుండా తాను తిననంది. ఇది నిన్న మొన్నటి పంతం కాదు. కప్పు మీద కాకుల కేసి చూస్తూ మేమిద్దరం ఆకలితో నిలబడ్డ ఆ పెరటి పంతం. ఇప్పుడు పాప కూలిపోతే ఆసుపత్రి ఎంత దూరమో మాలతిని అడిగాను. చాలా దూరమంది.

అప్పుడు పాప నా వైపు తిరిగింది. "అన్నా, ఆ పొద్దు అందరూ చెప్పిరి. నువ్వొకడే చెప్పలేదు. నోరు తెరువు."

"ఏమని చెప్పేది?"

"నాకేం తెలుసు? వదినతో కాపురం చేసింది నువ్వా, నేనా?"

 సరోజ ఏం కోరుకుందో నేను ఎప్పుడూ కొలిచి చూడలేదు. ఆమె నన్ను ఏమైనా అడిగిందా అని వెతికితే, చివరి వారంలో ఆసుపత్రి మంచం మీద, ఇంటికి వెళ్లి తిన్నావా అని అడిగిన మాట ఒక్కటే దొరికింది. తిన్నానని చెప్పాను. తినలేదు. గట్టు దగ్గరికి వెళ్లాను. చేపల నీచు వాసన మధ్య నేతి వాసన వస్తోంది. చదువుతున్నట్టుగా, ఒక్కొక్క మాటే చెప్పాను. "సరోజా, రేపటినుంచి ఇంట్లో నేనే వండుతాను. గోడ మీద నేనే పెడతాను. మెస్సు కారియరు నిలిపేస్తాను." చెబుతున్నప్పుడు గొంతు వణకలేదు, కళ్లు తడవలేదు. అలా జరుగుతుందేమోనని కనిపెట్టి చూశాను. జరగలేదు.

పాప కళ్లు మూసుకుని చేతులు జోడించి ఉంది. దాని వెనక, చేపలు కోసే ఒక ఆమె పని ముగించుకుని, పీట మీద మిగిలిన పేగులను చేత్తో తోసి గట్టు అవతలికి విసిరింది. కొన్ని గట్టు మీదే, ఆకుకు జానెడు దూరంలో పడ్డాయి. పడవ అంచు మీది కాకి ఒకటి దిగింది. పేగులను లాగి మింగింది. గట్టు మీద గెంతుకుంటూ ఆకు దాకా వచ్చి, అన్నంలో ముక్కు పెట్టింది, మరోసారి పెట్టింది, వడను పొడిచి, దాన్ని పట్టుకుని ఎగిరిపోయింది. పాప కళ్లు తెరిచేటప్పటికి ఎగిరిపోతున్న కాకి ముక్కున వడ ఉంది. "తినె అన్నా. తినె," అని అది చిన్నపిల్లలాగా నా చొక్కా పట్టుకుంది. మాలతి మెడలో క్యామెరా వేలాడుతూనే ఉంది; పైకి ఎత్తలేదు. చేపల ఆమె పీట వైపు ఒకసారి, నా వైపు ఒకసారి మాలతి చూసింది. కాకి ముందు దేనికి దిగిందో నేను చూశానని దానికి తెలుసు. ఇద్దరం ఆ సంగతి పాపకు చెప్పలేదు. గట్టు మీదే కూర్చుని పాప నెయ్యి కలిపిన అన్నం గబగబా తిన్నది. మాకు కూడా కలిపి పెట్టింది. తిన్నాం.

కోయంబత్తూరు బస్సులో నిద్రపట్టక, చేప పేగుల కోసం దిగిన కాకి ఎదుట చెప్పిన మాట మాటగా నిలుస్తుందా అని ఆలోచించాను. అవ్వ అయితే ఆ ప్రశ్న వేసుకునేది కాదు. ఆ రోజు ఓటి కప్పు మీది నుంచి కాకి దేనికి దిగిందో చూడడానికి ఆమె తల ఎత్తలేదు. కొట్టం వైపే చూస్తూ చెప్పి, చెప్పినదాన్ని ఎద్దు చచ్చేదాకా మోసింది. నాకు చూసే కళ్లు ఉన్నాయి, మోసే అలవాటు లేదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ బరువో తేల్చే త్రాసు మా పరీక్షగదిలో ఉండేది కాదు. ఇంటికి చేరిన పొద్దున మెస్సుకు ఫోను చేసి కారియరు వద్దని చెప్పాను. వంటింట్లో డబ్బా మూత తీస్తే, సరోజ పోసి పెట్టిన బియ్యం నిండా పురుగు పట్టి ఉంది. చేటలోకి వంచుకుని, పెరటి గడప మీద కూర్చుని, ఏరడం మొదలుపెట్టాను.